ఆదివారం చెల్లెలు

ట్రైనింగ్ అని చెప్పి మధ్యాహ్నం మూడింటికే మెషిన్లు ఆపించారు. బళ్ళారిలో మా జీన్స్ వాషింగ్ యూనిట్‌లో నేను చేరి పదకొండేళ్ళు. పండగ కాని రోజున పగటిపూట మెషిన్లు ఆగడం చూడటం అది రెండోసారి. ఎనభైమందిమి ఫినిషింగ్ హాల్లో ప్యాంట్ల కట్టల మీద సర్దుకుని కూర్చున్నాం. గోడకు తెల్లగుడ్డ కట్టి, దాని మీద బొమ్మలు వేసి చూపిస్తూ, బెంగళూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కన్నడంలో కాసేపు, తెలుగులో కాసేపు మాట్లాడుతోంది. పనిచేసే చోట వేధింపుల గురించి అవగాహన. మా ప్యాంట్లు కొనే విదేశీ కంపెనీవాళ్ళు ఈ క్లాసు పెట్టించి ఫోటోలు పంపాలన్నారట. ఫోటోల కోసమని ఆ రోజు అందరికీ కొత్త మాస్కులు కూడా ఇచ్చారు.

మొదటి వరుసలో మా ఫ్లోర్ ఇన్‌ఛార్జి వీరేష్ కూర్చుని, చెప్పిన ప్రతి మాటకీ బుద్ధిమంతుడిలా తల ఊపుతున్నాడు.

తిట్టడం, చెయ్యి చేసుకోవడం, ఎగతాళి పేర్లు పెట్టడం, అన్నీ అయ్యాక ఆ అమ్మాయి, "ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ వేధింపు అనుకోరు" అంది. "ఒక మనిషిని అందరూ కలిసి లేనట్టు చూడటం. పలకరిస్తే పలకకపోవడం. అడిగితే జవాబు ఇవ్వకపోవడం. ఒంటి మీద దెబ్బ ఉండదు, చెప్పుకోవడానికి తిట్టు ఉండదు. కానీ మనిషి లోపల్నుంచి పాడైపోతాడు. ఇక్కడ ఎప్పుడైనా అలాంటిది జరిగిందా?"

ఎనభైమందిమి నేలచూపులు చూశాం. హాలు చివర ప్యాంట్ల రంగు పోగొట్టే మందు కలిపే డ్రమ్ములున్నాయి. డ్రమ్ములకూ స్తంభానికీ మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా ఉంది. మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత ఇరుకుగా కూర్చున్నా ఆ జాగాలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. ఎవరికి వాళ్ళమే వదిలేశాం.

"ఈడ అట్లాంటిదేమీ లేదు మేడమ్. మేమంతా ఒగే ఫ్యామిలీ మాదిరి ఉండాం" అన్నాడు వీరేష్.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు కెరోలిన్. వాషింగ్ అయి వచ్చిన ప్యాంట్లను టేబుల్ మీద పరిచి కుట్లు చూడటం, మిగిలిన దారాలు కత్తిరించడం నా పని. నా నోటి గురించి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. కూరగాయల బండివాళ్ళు నన్ను చూస్తే బండి తోసుకుని పోతారు. మా సంఘంలో స్త్రీల సమాజానికి సెక్రటరీని. పాస్టరమ్మ కూడా నాతో వాదనకు దిగదు. అలాంటి నోరు పోయిన ఏడాది ఐదు నెలలపాటు పడిపోయింది. ఒక్క మనిషి దగ్గరే పడిపోయింది. అదీ సోమవారం నుంచి శనివారం దాకా మాత్రమే.

ఆ మనిషి పేరు వరప్రసాదం. యాభైనాలుగేళ్ళుంటాయి. మా యూనిట్‌లో ప్యాంట్ల రంగు పోగొట్టే మందులు కలిపేవాడు. పాలల్లో నీళ్ళెక్కువయ్యాయని ఇల్లాలు చూపుతోనే కనిపెట్టినట్టు, బకెట్లో రంగు చూసి మందు ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాడు. మా చర్చిలో కుడివైపు మూడో బెంచీ వాళ్ళ తాత కాలం నుంచీ వాళ్ళదే. నాకూ ఆయనకూ రక్తసంబంధం ఏమీ లేదు. నాకు పెళ్ళైన కొత్తలో నా భర్త స్టీవెన్ కామెర్లతో పడిపోతే, ఆసుపత్రిలో పక్కన కూర్చున్నది ఆయనా, ఆయన భార్య ఎలిజబెత్ వదినా. ఈ యూనిట్‌లో నాకు పని ఇప్పించింది కూడా ఆయనే. నన్ను "చెల్లెమ్మా" అనేవాడు. ఊరంతా అనే మాటే అయినా, ఆయన నోట వింటే నిజంగా అన్న ఉన్నట్టే అనిపించేది.

పోయిన వేసవిలో ఆ విదేశీ కంపెనీ తరఫున ఒకాయన తనిఖీకి వచ్చాడు. ఏం అడిగితే ఏం చెప్పాలో వీరేష్ వారం ముందే మాతో వల్లె వేయించాడు. మాస్కులు రోజూ ఇస్తారు, చేతి తొడుగులు రోజూ ఇస్తారు. అందరం చిలక పలుకులు పలికాం. వరప్రసాదం అన్నను అడిగితే మాత్రం ఆయన, "ఈ పొద్దే బీరువాలోంచి తీసినారు సార్, రేపు మళ్ళా లోపల పెడతారు" అన్నాడు. కోపంగా కూడా కాదు, టైమెంతని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. ఆర్డరు ఆగిపోయింది. రెండు వారాలు మెషిన్లు ఆగాయి. మెషిన్లు ఆగడం నేను చూసిన మొదటిసారి అదే. ఓనర్ వీరేష్‌ను అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు.

పని మళ్ళీ మొదలైన రోజు టీ టైములో వీరేష్ మమ్మల్ని పిలిచాడు. వరప్రసాదం అన్న డ్రమ్ముల దగ్గర ఉన్నాడు. వీరేష్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

"ఎవురూ ఆయప్పను తిట్టాకండి. చెయ్యి చేసుకోవాకండి. మళ్ళా అదొగ కంప్లైంట్ అవుతాది" అన్నాడు. "సుమ్నె, ఊరికే ఉండండి. ఈ పొద్దు నుంచి ఆయప్ప మనకు కనపడడు, ఇనపడడు. అంతే. కనపడినోళ్ళు ఎవురన్నా ఉంటే వాళ్ళు గూడా ఆయప్పతోనే పోవచ్చు."

మొదటి రెండు మూడు రోజులు మాకే ఎబ్బెట్టుగా ఉండేది. ఆయన వచ్చి పలకరిస్తే తల తిప్పుకోవడానికి మెడలు నొప్పి పుట్టేవి. తర్వాత అది ఆటైంది. స్ప్రే సెక్షన్లో మౌనేశ్ అని ఒక హాస్యగాడున్నాడు. ఒకరోజు వరప్రసాదం అన్న మందు బకెట్ ఎత్తుకుని పోతుంటే వాడు కళ్ళు పెద్దవి చేసి, "ఓయప్పో, బకెట్టు దానికదే నడిచి పోతాందే! యూనిట్లో దెయ్యం చేరింది చూడండప్పా" అని అరిచాడు. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పట్నుంచి ఆయన దగ్గితే గాలి వీస్తోందన్నారు. తలుపు తీస్తే తలుపు దానికదే తెరుచుకుందన్నారు. ఆయన బెంచీ మీద కూర్చుని ఉంటే, ఖాళీగానే ఉంది కదా అని వచ్చి ఒళ్ళో కూర్చోబోయేవాళ్ళు. ఆయన చప్పున జరిగేవాడు. టీ పోసే హొన్నమ్మ ఆయన గ్లాసు దాకా వచ్చి, దాన్ని వదిలేసి పక్క గ్లాసులో పోసేది. వారం తిరిగేసరికి ఆయన గ్లాసు తేవడం మానేశాడు.

నేను నవ్వలేదని చెప్పుకుంటే వినేవాళ్ళకు హాయిగా ఉంటుంది. నవ్వాను. అదేదో భయానికి కూడా కాదు, మౌనేశ్ చేసినప్పుడు నిజంగానే నవ్వొచ్చేది.

ఇక ఆదివారం. చర్చి మెట్ల మీద, "వందనాలు చెల్లెమ్మా, షాలిని బాగా చదువుకుంటాందా?" అని ఆయనే ముందు అడిగేవాడు. షాలిని నా కూతురు. "వందనాలన్నా, చదువుకుంటాంది" అనేదాన్ని నేను. వానల గురించీ, వదిన మోకాళ్ళ గురించీ మాట్లాడుకునేవాళ్ళం. సోమవారం సంగతి ఆయన ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. మర్నాడు యూనిట్ గేటు దగ్గర అదే మనిషి ఎదురుపడితే నా కళ్ళు ఆయన భుజం మీదుగా గోడను చూసేవి. ఎంత పెద్ద మనసో, ఏమీ పట్టించుకోడు అని మొదట్లో నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కొన్ని వారాలకు ఒకటి గమనించాను. ఆదివారం నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా ముఖం చూడటం లేదు. నా పెదాలు చూస్తున్నాడు. చెవిటివాళ్ళు చూసినట్టు, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. పిల్ల పిలుస్తోందని అబద్ధం చెప్పి మెట్లు దిగిపోయాను.

జులై నుంచి ఆయన ప్రభువు బల్లకు రావడం మానేశాడు. మా పాత మిషన్ సంఘాల్లో ఇది చిన్న విషయం కాదు. నెల మొదటి ఆదివారం అందరం వరుసగా లేచి ముందుకు వెళ్ళి, మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే, ముందు దాన్ని తేల్చుకుని రావాలి; తేల్చుకోకపోతే బెంచీలోనే కూర్చోవాలి. అందరూ లేచాక మూడో బెంచీలో ఆయనొక్కడే తల వంచుకుని కూర్చుని ఉండేవాడు. ఎవరైనా అలా కూర్చుంటే మావాళ్ళు ఒకటే అర్థం చెప్పుకుంటారు. ఏదో పాపం చేసుంటాడని. యూనిట్లో ఏదో గొడవట అని గుసగుసలాడుకున్నారు. ఆ గుసగుసలు నా బెంచీలో కూడా సాగాయి, నేను కాదనలేదు. ప్రతి నెలా ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళి రొట్టె తీసుకుని వచ్చాను.

అక్టోబరులో ఒక గురువారం ఆయన నా చెకింగ్ టేబుల్ దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ అలా రాలేదు. వీరేష్ అవతలి వరుసలో ఉన్నాడు.

"చెల్లెమ్మా, ఒగ మాట చెప్పు చాలు" అన్నాడు. "నేను నీకు కనపడతాండానా?"

నా చేతిలో ప్యాంటు ఉంది. కుట్టు చూశాను. దారం కత్తిరించాను. ఆయన ప్యాంటు మీద, సరిగ్గా నా చేతికి అడ్డంగా, తన అరచెయ్యి పెట్టాడు. మందుల వల్ల గోళ్ళు నల్లబడి ఉన్నాయి. ఆ చేతి కింద నుంచి ప్యాంటు మెల్లగా లాగేసి, మడిచి పక్కన పెట్టి, కట్టలోంచి ఇంకొకటి తీసుకున్నాను. ఆయన కాసేపు తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత వెళ్ళిపోయాడు. మర్నాడు పనికి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

రెండు వారాలకు పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. "కెరోలినమ్మా, నువ్వు అక్కడే పనిచేస్తావు కాబట్టి అడుగుతున్నాను. యూనిట్లో తను ఎవరికీ కనపడటం లేదంటాడు వరప్రసాదం. అందరూ కలిసి కావాలని చేశారని ఎలిజబెత్‌కు అనుమానం. నిజమేనా?"

స్టీవెన్ నా వైపు చూశాడు. తనకీ ఏమీ తెలియదు.

"అట్లాంటిదేమీ లేదయ్యగారూ" అన్నాను. "ఆయనే ఎవురితోనూ మాట్లాడకుండా అయిపోయినాడు. ఏందో తల బాగలేనట్టుండాది, పాపం."

ఆ పాపం అన్నది నేను ప్రత్యేకంగా చేర్చిన మాట. పని పోతుందన్న భయం ఉంది, కాదనను. అంతకంటే పెద్ద భయం, అవునంటే చర్చిలో ముఖం ఎక్కడ పెట్టుకోవాలన్నది. అయ్యగారు నా మాట ఎలిజబెత్ వదినకు చేరవేశారు. వదిన వాళ్ళబ్బాయి జాబెజ్‌కు చెప్పింది. జాబెజ్ అప్పుడు కూరెకుప్పలో ఉంటూ అటువైపు స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మంచి పిల్లాడు, తండ్రంటే ప్రాణం. కెరోలినత్త కూడా చెప్పిందంటే ఇంక అనుమానమేముందని తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మాత్రలు మొదలయ్యాయి. బళ్ళారి ఇల్లు ఖాళీ చేసి, వదిన పుట్టిన ఊరు మోకకు మారిపోయారు. జాబెజ్ కూడా వాళ్ళ దగ్గరికే వచ్చేసి, అక్కణ్ణుంచే పనికి పోయొచ్చేవాడు.

ఆయన పోయాక యూనిట్ మునుపటిలా అవుతుందనుకున్నాం. కాలేదు. డ్రమ్ముల పక్క ఆ జాగాను ఇప్పటికీ అందరూ చుట్టి వెళ్తారు. కొత్తగా మందు కలపడానికి వచ్చినవాడు కూడా, ఎవరు చెప్పారో ఏమో, డ్రమ్ములను అడుగు ఇవతలికి జరుపుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఫ్యాను గాలికి ఖాళీ బకెట్ ఒకటి దొర్లుకుంటూ హాలు మధ్యలోకి వచ్చింది. నవ్వడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు. ఒక్కరు నవ్వలేదు. మౌనేశ్ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఆ రోజు నుంచి వాడు ఆ మూలకు ఒంటరిగా పోడు. ఆయన పేరు మాత్రం ఏడు నెలలుగా ఆ హాల్లో ఎవరి నోటా రాలేదు. చచ్చినవాడు పీడిస్తే తాయెత్తు కట్టించుకోవచ్చు. బతికున్నవాణ్ణి మేమే దెయ్యాన్ని చేసుకున్నాం, దీనికి ఎవరి దగ్గరికి పోవాలి?

నాకు ఎడమ చెవి పక్కన "చెల్లెమ్మా" అని వినపడుతుంది. టేబుల్ మీద ప్యాంటు పరిచిన ప్రతిసారీ ఆ నల్లటి గోళ్ళ చెయ్యి కోసం నా కళ్ళు వెతుకుతాయి. అది చాలదన్నట్టు వినకపోవడం నాకు అలవాటైపోయింది. ఇంట్లో స్టీవెన్ పిలిచినా వినపడదు. ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే షాలిని వచ్చి నా ముందు నిలబడి, "అమ్మా, నాలుగుసార్లు పిలిస్తి. నేను నీకు కనపడతాండానా, లేదా?" అని గట్టిగా అరిచింది. చేతిలో గిన్నె జారిపోయింది. ఆ పిల్లకు ఏమీ తెలియదు. విసుగొచ్చి అన్న మాట అది. నేను నేల మీద అన్నం ఎత్తుకుంటూ ఏడిస్తే, గిన్నె పడినందుకు ఏడుస్తున్నాననుకుంది.

శుక్రవారం ఆ ట్రైనింగ్ అయింది. ఇంటికి వచ్చే దారంతా ఆ బెంగళూరు అమ్మాయి మాటలు చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. మేం చేసిన దానికి ఒక పేరుందని, దాన్ని క్లాసులో చెబుతారని నాకు అప్పటిదాకా తెలియదు. తప్పని మాత్రం మొదటి రోజే తెలుసు.

ఆదివారం బల్ల ఆరాధన. ప్రార్థన మనవులు చదువుతూ అయ్యగారు, "మన సహోదరుడు వరప్రసాదం గారి మతిస్థిమితం కోసం ప్రార్థించండి. మాత్రలతో గుణం కనిపించలేదు. రేపు సోమవారం కుమారుడు జాబెజ్ ఆయన్ను దూరపు ఊళ్ళో పెద్దాసుపత్రిలో చేరుస్తున్నారు. ఎన్నాళ్ళుంచుతారో తెలియదు" అన్నారు. సంఘమంతా కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేకపోయాను. మూడో బెంచీ ఖాళీగా ఉంది. నేను ఒక్క మాట చెబితే రేపు ఆయన ఆ ఆసుపత్రి మెట్లెక్కడు. చెప్పకపోతే, మంచి మనిషి పిచ్చివాడి ముద్ర వేసుకుని పోతాడు. ఆ ముద్ర వేసింది నేను.

వరుస లేచింది. స్టీవెన్ మోచేత్తో పొడిచి, "లెయ్" అన్నాడు. నేను లేవలేదు. ముందు బెంచీ ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. ఆరాధన ముగియగానే ఇంటికి కూడా పోకుండా మోక బస్సెక్కాను.

ఎలిజబెత్ వదిన తలుపు తీసి, నన్ను చూసి ముఖం విప్పార్చుకుంది. "నువ్వొగదానివే వస్తివమ్మా సంఘంలోంచి" అని చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని విడిపించుకోవాలనిపించింది. నడవలో ఒక బ్యాగు సర్దుతున్నారు. దుప్పటి, రెండు లుంగీలు, బైబిలు. జాబెజ్ మాత్రల చీటీలు వరసగా పెట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాడు. పెరటి వైపు వాకిట్లో కుర్చీ వేసుకుని వరప్రసాదం అన్న కూర్చుని ఉన్నాడు. సగానికి సగం తగ్గిపోయాడు.

"పిల్చి చూడు, పలకడు" అంది వదిన మెల్లగా. "చెవులు బాగానే ఉండాయంట, డాక్టరు చూసినాడు. ఎవురు పిల్చినా తన్ను గాదనుకుంటాడు."

దగ్గరికి పోయి, "వందనాలన్నా" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. తర్వాత, నేను ఎవరికి వందనం చెబుతున్నానో చూద్దామని తన వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల గోడ తప్ప ఏమీ లేదు.

ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. బస్సులో మాటలు ఎన్నో రకాలుగా కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీకేం కాలేదన్నా" అన్నాను. "నీ తల బాగుండాది. నువ్వు అనుకున్న్యదంతా నిజమే. మేమే చేస్తిమి. కావాలనే చేస్తిమి. వీరేష్ చెప్పినాడు, ఎనభైమందిమీ సరే అంటిమి. నువ్వు పిల్చిన ప్రతిసారీ నాకు ఇనపడింది. ఒగసారి గూడా ఇనపడకుండా పోలేదు."

నడవలో రబ్బరు బ్యాండు తెగిన చప్పుడైంది. జాబెజ్ గడప దగ్గరికి వచ్చాడు.

"అత్తా, అట్లాంటిదేమీ లేదని నువ్వే గదా అయ్యగారితో చెప్తివి?"

"అబద్ధం చెప్తి నాయనా."

వాడు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. గడప మీద కూర్చుండిపోయాడు. "రోజూ చెప్పినా అత్తా" అన్నాడు. "నాయనా, నువ్వు అనుకునేది నిజం గాదు, నీకు బాగలేదు అని రోజూ మాత్ర చేతిలో పెట్టి చెప్పినా. ఒగ దినం మింగనంటే గట్టిగా అరిచినా. నా నోటితోనే అరిచినా."

వదిన ఇందాక పట్టుకున్న నా చేతిని ఒకసారి చూసి, తన చేతిని చీర కొంగుకు తుడుచుకుంది.

జాబెజ్ లోపలికి పోయి తెల్లకాగితం, పెన్ను తెచ్చాడు. "రాసియ్యి. రేపు డాక్టరుకి ఇదే చూపిస్తా. మాత్తర్ల సంగతి ఆయనే చెప్తాడు. వీరేష్ పేరు రాస్తావా?"

"రాస్తా."

"యూనిట్ పేరు? నీ పేరు?"

"అన్నీ రాస్తా."

నేల మీద కాగితం పెట్టుకుని రాశాను. టీ గ్లాసు రాశాను. బెంచీ రాశాను. బకెట్టూ, గాలీ, తలుపూ రాశాను. గురువారం నా టేబుల్ దగ్గర ఆయన అడిగిన మాట, ఆ చేతి కింద నుంచి నేను ప్యాంటు లాగడం రాశాను. అయ్యగారితో చెప్పిన అబద్ధం రాశాను. సంతకం చేస్తుంటే పదకొండేళ్ళ పని ఆ సంతకంతో పోతుందని తెలుసు. పక్కన ఆయన ఊపిరి వినపడుతోంది.

కాగితం కోసం జాబెజ్ చెయ్యి చాపాడు. అంతకు ముందే ఇంకో చెయ్యి దాన్ని తీసుకుంది. వరప్రసాదం అన్న వేలు పెట్టుకుని, ఒక్కొక్క లైనే మెల్లగా చదివాడు. కింద దాకా చదివి మళ్ళీ పైకి వచ్చాడు.

"బకెట్టు సంగతి గూడా రాసినావే" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది, వాడకుండా పెట్టిన గొంతు. "నిజంగానే అన్న్యారా అది?"

"అన్న్యారన్నా. మౌనేశ్."

"నువ్వు నవ్వితివి."

"నవ్వితి."

"ఇనపడేది" అన్నాడు. "నీ మాట ఇనపడేది గాదు, నవ్వు మాత్రం ఇనపడేది. నా చెవులకే ఏందో అయిందనుకుంటి. పాపం కెరోలిన్ పలకరిస్తానే ఉంటాది, నాకే చేరకుండా పోతాంది అనుకుంటి. ఆదివారం నీ నోరే చూస్తాంటి, మాట ఎట్ల వస్తాందో నేర్చుకుందామని." కాగితం మీంచి వేలు తీశాడు. "నీ మీద శానా కోపమొచ్చేది. తప్పు నాలో పెట్టుకోని, ఏ తప్పూ చేయని ఆయమ్మ మీద కోపమేందిరా అని నన్ను నేనే తిట్టుకుంటాంటి. ఆ కోపం పెట్టుకోని బల్లకాడికి ఎట్ల పోయేది? ఈడే కూసుందాంలే అని బెంచీలో కూసుండిపోతాంటి."

సంఘమంతా ఏదో పాపం చేశాడనుకున్నది ఆయన అలా కూర్చున్నందుకు.

"రోజూ ప్రార్థన చేస్తాంటి" అన్నాడాయన. "ప్రభువా, ఆ బిడ్డ మాట నాకు ఇనపడేట్ల చెయ్యి అని. ఈ పొద్దు పొద్దున గూడా చేసినా." ఆయన నా వైపు పూర్తిగా తిరిగాడు. ఈసారి నా పెదాలు కాదు, కళ్ళు చూశాడు. "నువ్వు మాట్లాడ్నే లేదు."

"లేదన్నా."

వాకిట్లో ఎండ మా ఇద్దరి మీదా పడుతోంది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. క్షమాపణ అడగడానికి కూడా నేను అంతదూరం వచ్చాను. అడిగితే ఆయన కాదనడని కూడా నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ చర్చి బెంచీల్లో ఒకే మాటలు నేర్చుకున్నవాళ్ళం. చేతులు జోడించి, "అన్నా, నన్ను" అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అడగాకు" అన్నాడు. "నువ్వు అడిగితే నేను క్షమించినా అనాల. మనకు అట్లే నేర్పించినారు. అడిగినోళ్ళకు ఇయ్యాల్సిందే, లేదనేకి లేదు." కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పైన చెయ్యి వేసుకున్నాడు. "నా కోపం నిజమైందని ఈ పొద్దే తెలిసింది. కొన్ని దినాలు నా కాడ ఉండనీ."

నేను అడగలేదు.